ముప్పై ఒక్కమందికీ ఏమీ లేదు

నర్మెట్ట,
22 జూన్ 2025

చెల్లె సుష్మకు, అక్క ఊర్మిళ దీవెనలు.

నేను ఫోను ఎత్తడం లేదని అలిగావట. రాహుల్ మరిది మీ బావకు చెప్పాడు, బావ నా మీదికి వచ్చాడు. "గా పిల్ల దేశంగాని దేశంల ఉన్నది, జర మాట్లాడితే నీ సొమ్మేం పోతది" అని. నా సొమ్మేమీ పోదు గానీ నా గొంతు పోయింది. రెండు నెలల నుంచి బొంగురు. మొన్న పాలాయన ఫోను చేస్తే నేనే ఎత్తాను. "దేవేందరన్నా, జర అక్కకియ్యి" అన్నాడు. నేనే అక్కనని చెబితే నవ్వి పెట్టేశాడు, బావ మజాక్ చేస్తున్నాడనుకున్నాడు.

ఈ గొంతుతో నీతో మాట్లాడితే నువ్వు పరేషాన్ అవుతావు. అందుకని కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. అమ్మ పోయినప్పుడు హాస్టల్లో ఉన్న నీకు ఇట్లాగే రాసేదాన్ని. ఇప్పుడు పోస్టు బిళ్ళ అక్కరలేదు, అంతే తేడా.

ఇక్కడ అందరూ మంచిగున్నారు. నాకే ఒళ్ళు బరువు, పొద్దస్తమానం నిద్ర. ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకున్నానంటే నమ్ముతావా. జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. వెనకింటి ముత్తవ్వ చూసి నెత్తీ నోరూ కొట్టుకుంది. అమ్మ పోయాక మనిద్దరికీ జడలు వేసిన చేయి కదా అది. "నీ జడ గిట్ల ఎలుక తోకైందేంది బిడ్డా, నాదీ గట్లనే రాలవట్టె" అని ఇద్దరం వాకిట్లో కూర్చుని ఏడ్చినంత పని చేశాం.

నీ జడ ఎట్లా ఉంది? ముత్తవ్వ అడిగింది.

నీ అక్క,
ఊర్మిళ


ఆక్రా శివారు,
6 జూలై 2025

అక్కా,

నీ ఉత్తరం చూసి ముందు కోపం, తరువాత నవ్వు. బొంగురు గొంతుకు ఇంత సిగ్గా? గొంతు బాగాలేక కాదు, నేను ఇంత దూరం వచ్చానని నీకు లోపల మంట. నిజం ఒప్పుకో. సరే, రాస్తాను. హాస్టల్ అమ్మాయిని అయిపోతాను.

రాహుల్ బోరు బండ్లతో ఊళ్ళు తిరుగుతూ పదిహేను రోజులకోసారి ఇంటికి వస్తాడు. నేను ల్యాబు పనిలో మునిగిపోయాను. ఇప్పుడు మాకు పెద్ద పని పడింది. ఈ శివారు పేటల్లో థైరాయిడ్ జబ్బు ఎంతమందికి ఉందో లెక్క తీస్తున్నాం. మా పెద్ద డాక్టరమ్మ పేరు అబెనా. మెడలో ముందువైపు చిన్న గ్రంథి ఉంటుంది కదా, అది మందగిస్తే మనిషి మందగిస్తాడు, అది పరుగెడితే మనిషి పరుగెడతాడు అంటుంది. ఇంటింటికీ పోయి మెడ తడిమి, రక్తం తీసి, ఫారం నింపుతాం. వీధిలో పిల్లలు నాకు 'మెడ పట్టుకునే అక్క' అని పేరు పెట్టారు. ఇప్పటికి నాలుగు వందల మెడలు పట్టుకున్నాను. వందలో పదిమందికి పైగా తేడా కనిపిస్తోంది. వాళ్ళలో చాలామందికి జబ్బు ఉన్నట్టే తెలియదు. అలసట అనుకుంటారు, వయసు అనుకుంటారు. చదువుకున్నవాళ్ళు కూడా. నాకు ఆశ్చర్యం వేస్తుంది అక్కా, తన ఒంట్లో ఏముందో మనిషికి ఇంత తెలియకపోవడం.

నీ జుట్టు సంగతి నాకు వదిలేయి. ఇక్కడ ఆడవాళ్ళు వాడే మాత్రలు ఉన్నాయి, బయోటిన్ అని ఒక విటమిన్. మందు కాదు, భయపడకు. నేనూ పోయిన సంవత్సరం వాడాను, మంచిగ పనిచేసింది. రాహుల్ దగ్గర పనిచేసే రంజిత్ వచ్చే నెల రేగొండ వస్తున్నాడు, అతని చేతికి నాలుగు సీసాలు ఇస్తాను. ఎర్ర మూత సీసాలు. రోజుకు ఒకటి.

నా జడ నడుము దాటింది. ముత్తవ్వకు చెప్పు.

సుష్మ


నర్మెట్ట,
4 అక్టోబర్ 2025

చెల్లెకు,

రాయడం ఆలస్యమైంది. కలం పట్టుకుంటే వేళ్ళు ఉబ్బి మొద్దుబారినట్టు ఉంటున్నాయి. రంజిత్ రేగొండ నుంచి బస్సులో వచ్చి మరీ సీసాలు ఇచ్చిపోయాడు, అన్నం తిని పొమ్మంటే తినకుండా పోయాడు. మాత్రలు వేసుకుంటున్నాను. ఒకటికి ఇంత గుణముంటే రెండింటికి ఎంత ఉండాలని పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేస్తున్నాను.

సద్దుల బతుకమ్మ మొన్ననే అయింది. నువ్వుల సద్ది, పల్లి సద్ది, పెరుగు సద్ది అన్నీ చేశాను. ఎప్పుడూ రెండు గంటల పని, ఈసారి పొద్దంతా పట్టింది. తంగేడు పూలు ముందర పోసుకుని పేరుస్తూ పేరుస్తూ కునుకు తీశానట. తండా నుంచి వచ్చిన గంగి నన్ను లేపింది. తను మా పొదుపు సంఘంలోనే ఉంటుంది, నీకు తెలుసు కదా. ఆటలో పాట నేనే ఎత్తుకోవాలి కదా, నోరు తెరిస్తే గరగర. ఆడవాళ్ళందరూ ఆగి చూశారు. ముత్తవ్వ నా బదులు అందుకుంది గానీ పాపం తనకూ ఆయాసం, రెండు చుట్లు తిరిగి అరుగు మీద కూలబడింది.

ఇంటికి వచ్చాక బావ గట్టిగానే అన్నాడు. "మనిషివి పండుడే పండుడు. ఏమన్నంటే ఒళ్ళు బాగలేదంటవు. ఏం బాగలేదో చెప్పవు." నాకు తెలిస్తే చెప్పనా?

నువ్వు నాలుగు వందల మెడలు పట్టుకున్నానని రాశావు. నాది నాలుగు వందల ఒకటో మెడ అనుకుని చెప్పు, నేను కూడా ఆ పరీక్ష చేయించుకోనా?

ఇంకో మాట. ఆ మాత్రలు ఇంకో ఆరు సీసాలు పంపు. ఎందుకని అడగకు.

ఊర్మిళ


ఆక్రా శివారు,
6 అక్టోబర్ 2025

అక్కా,

ఆరు సీసాలా? మింగుతున్నావా, పొలానికి చల్లుతున్నావా? సరే, రంజిత్ మళ్ళీ నెలాఖరుకు వస్తాడు, పంపుతాను. నీ జుట్టు మోజు నాకు తెలియనిదా, పెళ్ళిలో సవరం పెట్టుకోనని పంతం పట్టిన మనిషివి.

పరీక్ష చేయించుకో, తప్పకుండా. జనగామలో ఏ మంచి ల్యాబులోనైనా చేస్తారు. రిపోర్టు రాగానే ఫొటో పంపు. వేరే ఎవరికీ చూపించి బుర్ర పాడు చేసుకోకు. ఇంట్లో నేనుండగా ఇంకొకరెందుకు, నా పనే అది.

సుష్మ


నర్మెట్ట,
15 అక్టోబర్ 2025

సుష్మా,

రిపోర్టు ఫొటో ఇందులోనే పెట్టాను. నిన్న జనగామ పోయి ఇచ్చి వచ్చాం. ల్యాబులో అమ్మాయి నరం దొరక్క నాలుగుసార్లు పొడిచింది. చేయి ఉబ్బి ఉందని విసుక్కుంది. నువ్వయితే ఒక్కసారికే తీస్తావు కదా.

చూసి చెప్పు. బావ నీ జవాబు కోసం చూస్తున్నాడు.

ఊర్మిళ


ఆక్రా శివారు,
16 అక్టోబర్ 2025

అక్కా,

చూశాను. రెండుసార్లు చూశాను. నీకేమీ లేదు. నీ అంకెలు చూస్తే మా డాక్టరమ్మ అసూయపడుతుంది, అంత శుభ్రంగా ఉన్నాయి.

ఇప్పుడు చెల్లెగా కాకుండా ల్యాబు మనిషిగా చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు. నీది జబ్బు కాదు. నలభై దాటావు. పిల్ల స్రవంతి హనుమకొండ హాస్టల్‌కు పోయాక ఇంట్లో పని తగ్గింది, కూర్చోవడం ఎక్కువైంది. పడుకున్నకొద్దీ నిద్ర వస్తుంది. పొద్దున్నే లేచి చెరువు కట్ట దాకా నడువు. ఉప్పు తగ్గించు, వాపు తగ్గుతుంది. ఇక్కడ నేను రోజూ నిజమైన జబ్బు మనుషులను చూస్తున్నాను. కాయ కాసినట్టు మెడలు వాచినవాళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకుని సంతకు పోతున్నారు. నీకు దేవుడు అన్నీ ఇచ్చాడు, ఇక మనసే గట్టి చేసుకోవాలి.

ఈ ఉత్తరం బావకు కూడా చూపించు, ఆయన భయం తీరుతుంది.

సుష్మ


నర్మెట్ట,
11 నవంబర్ 2025

చెల్లెకు,

చూపించాను. బావ భయం తీరింది. నీ ఉత్తరాన్ని కాగితం మీద తీయించి టీవీ కింద పెట్టాడు. నేను కాస్త నడుం వాల్చితే చాలు, "చెల్లె ఏం రాసిందో చదవాల్నా" అంటాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా ఇంట్లో మాత్రం నీ మాటే వేదవాక్కు. ఉప్పు తగ్గించాను. చెరువు కట్ట దాకా నడుస్తున్నాను, తిరిగి వచ్చేసరికి పొద్దెక్కుతోంది. దారిలో ఎవరైనా "ఒంట్లో బాగలేదా అక్కా" అంటే ఏమీ లేదు, నడకకు వచ్చానంటాను. ఏమీ లేదని నువ్వే చెప్పినప్పుడు ఉందని ఎవరికి చెప్పుకోవాలి?

నీకు నచ్చే వార్త ఒకటి. మొన్న ఆదివారం మా ఊరికి ఉచిత శిబిరం వచ్చింది. షుగరు, రక్తం, నీ థైరాయిడ్, అన్నీ చూశారు. మా మూడు సంఘాలు కలిపి ముప్పై ఒక్కమంది ఆడవాళ్ళం పోయాం. కాగితాలు ఇవాళ వచ్చాయి. ఒక్కరికంటే ఒక్కరికి కూడా థైరాయిడ్ లేదు. గంగికి లేదు, ముత్తవ్వకు లేదు, నాకు మళ్ళీ లేదు. ముత్తవ్వ తన కాగితాన్ని రేషన్ కార్డుతో కలిపి కవరులో దాచుకుంది. "చిన్నబిడ్డకు రాయి, మా నర్మెట్ట నీళ్ళు గంత గట్టియి అని" అంది. రాశాను.

రంజిత్ తెచ్చిన ఆరు సీసాలు ముట్టాయి.

ఊర్మిళ


ఆక్రా శివారు,
20 నవంబర్ 2025

అక్కా,

నీ ముప్పై ఒక్కమంది సంగతి మా డాక్టరమ్మ అబెనాకు గొప్పగా చెప్పాను. "మీ దగ్గర వందలో పదిమంది, మా ఊళ్ళో ముప్పై ఒక్కమందిలో సున్నా" అన్నాను. ఆమె నవ్వలేదు. కళ్ళజోడు తీసి, "ముప్పై ఒక్కమంది ఆడవాళ్ళలో సున్నా అనేది నేను ఎక్కడా చూడలేదు, అయితే మీ ఊరు స్వర్గం, లేకపోతే ఎక్కడో ఏదో తప్పు" అంది. నాకు మండింది. మన ఊళ్ళో మంచి జరిగితే కూడా తప్పు వెతుకుతారు. మన జనగామలో ఉన్న యంత్రమూ ఇక్కడి యంత్రమూ ఒకటేనని చెప్పి వచ్చేశాను.

కానీ నీ మీద కూడా కోపంగా ఉంది. ఉత్తరంలో ప్రతి వాక్యం పోట్లాడినట్టే రాశావు. నేను నిజం చెప్పడం తప్పా? నీకు జబ్బు ఉందని అబద్ధం చెబితే సంతోషించేదానివా? ఫోను ఇప్పటికీ ఎత్తవు. మొన్న నీ పుట్టినరోజుకు ఆరుసార్లు చేశాను. గొంతు ఇన్ని నెలలు బాగుపడకుండా ఉంటుందా ఎక్కడైనా? నాతో మాట్లాడడం ఇష్టం లేదని చెప్పు, ఒక మాటతో పోతుంది.

సుష్మ


నర్మెట్ట,
7 డిసెంబర్ 2025

సుష్మా,

ముత్తవ్వ పోయింది. బుధవారం. నాలుగు రోజులు మూసిన కన్ను తెరవలేదు. చలికి ముసలి ప్రాణం ఆగలేదన్నారు. కోడలు దవాఖానకు తీసుకుపోదామంటే కొడుకు కవరులోని కాగితం తీసి చూపించాడట. "గిప్పుడే గదా అన్ని మంచిగున్నయని రాసిచ్చిన్రు."

నేను పోయి చూశాను. ఎక్కువసేపు నిలబడలేకపోయాను. చలి.

నీ మీద కోపం లేదు. మాట్లాడడం ఇష్టం లేక కాదు. రాయడం కూడా

ఊర్మిళ


ఆక్రా శివారు,
12 డిసెంబర్ 2025

బావా, ఇది మీకు. అక్క చదవలేని స్థితిలో ఉంటే మీరే చదవండి. చదివి ఈ కాగితాన్ని డాక్టరుకు చూపించండి.

ఇందాక ఫోనులో "ఏం లేదని నువ్వే రాసిస్తివి గదా, ఇప్పుడేమో పాణం మీదికొచ్చిందంటవు, ఏది నమ్మాలె" అన్నారు. మీరన్నది సబబే. నా ఉత్తరాన్ని నమ్మి ఆగారు కాబట్టి నా ఉత్తరంతోనే కదలాలి. అందుకే రాస్తున్నాను. టీవీ కింద ఉన్న కాగితాన్ని చింపి పారేయండి. అందులో రాసింది తప్పు.

జరిగింది చెబుతాను. ఇక్కడ ఆంటీ ఎసి అని ఒక చేపల వ్యాపారి ఉంది. సోమవారం రక్తం ఇచ్చింది. ముఖం ఉబ్బి, మాట నెమ్మదిగా, గొంతు మగవాళ్ళ గొంతులా ఉంది. ఎండలో స్వెటరు వేసుకుంది. యంత్రం మాత్రం ఏమీ లేదంది. యంత్రం పాడైందేమోనని మళ్ళీ చేశాను, అదే అంకె. అబెనా డాక్టరమ్మ వచ్చి ఆమె చేయి పట్టుకుని, "నువ్వు నోట్లో వేసుకునేవన్నీ, ఉప్పు తప్ప, సంచిలో వేసుకుని రా" అంది. మర్నాడు ఆమె తెచ్చిన సంచిలో నుంచి బల్ల మీద పడింది ఎర్ర మూత సీసా.

బావా, అది నేను అక్కకు పంపిన సీసా. అదే బజారు, అదే కంపెనీ. సీసా తిప్పి పేరు మళ్ళీ చదివాను.

ఆ విటమిన్‌తో ఒంటికి చెడు లేదు. కానీ ఇలాంటి యంత్రాలు రక్తంలో థైరాయిడ్ అంకెను పట్టుకోవడానికి అదే విటమిన్‌ను కొక్కెంలా వాడుకుంటాయి. ఒంట్లో అది మితిమీరి ఉంటే కొక్కేలన్నీ ముందే నిండిపోతాయి. జబ్బు ఎంత ముదిరినా కాగితం మీద మంచిగున్నట్టే వస్తుంది. మా ఫారంలో 'ఏమైనా మందులు వాడుతున్నారా' అనే ప్రశ్న ఉంది. ఎనిమిది వందల మందిని అడిగాను. అక్కను అడగలేదు. అడిగినా లేదనే అనేది, మందు కాదని చెప్పింది నేనే కదా. ఆంటీ ఎసి మూడు రోజులు మాత్రలు మానేసి ఇవాళ రక్తం ఇచ్చింది. పోయినసారి ఒకటి చూపించిన అంకె ఈసారి డెబ్బై నాలుగు. నాలుగు దాటితేనే మేం ఎర్ర సిరాతో రాస్తాం.

అక్క గొంతు, జుట్టు, చలి, వాపు, నిద్ర. అన్నీ జూన్ నెల ఉత్తరంలోనే వరుసగా రాసింది. పరాయి మెడలు వందల్లో తడిమినదాన్ని, నా అక్క మెడ సంగతి చదివి కూడా గుర్తుపట్టలేదు.

మాత్రలు వెంటనే ఆపండి. ఇవాళే హనుమకొండ పెద్ద దవాఖానకు తీసుకుపోండి. డాక్టరుకు మూడు మాటలు చెప్పండి: బయోటిన్ నాలుగు నెలలుగా రోజుకు రెండు, పాత రిపోర్టులు నమ్మవద్దు, మనిషిని చూసి వైద్యం మొదలుపెట్టండి. ఆగవద్దు బావా, మీ కాళ్ళు మొక్కుతాను.

సుష్మ


నర్మెట్ట,
10 జనవరి 2026

చెల్లె సుష్మకు, అక్క దీవెనలు.

బతికే ఉన్నాను. ఈ ఉత్తరం నా చేత్తోనే రాస్తున్నాను, అక్షరాలు చూసి నువ్వే పోల్చుకో. నీ కాగితం చేతపట్టుకుని బావ మర్నాడు పొద్దున్నే నన్ను కారులో వేసుకుని పోయాడట. నాకు ఏదీ గుర్తు లేదు. ఒళ్ళు ఎంత చల్లగా ఉందంటే నర్సమ్మ థర్మామీటరు పాడైందని ఇంకొకటి తెచ్చిందట, అదీ అదే చెప్పింది. డాక్టరు నీ కాగితం చదివి, "ఇది రాసింది ఎవరు" అని అడిగాడట. "మా మరదలు" అన్నాడట బావ. "ఇంకో రెండు రోజులు ఆగితే మీరు రావాల్సిన పని ఉండేది కాదు" అన్నాడట ఆయన. నాలుగో రోజు తీసిన రక్తంలో అంకె నూరు దాటిందట. అంతకు మించి యంత్రం చెప్పదట. పది రోజులకు ఇంటికి పంపారు. పొద్దున పరగడుపున చిన్న తెల్లమాత్ర ఒకటి, బతికినన్నాళ్ళు.

బావ ఆ పాత కాగితం చింపలేదు. మడిచి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. "నేను జర తెలివితోటి చూసి ఉంటే" అని మొన్న వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఆ మనిషి ఏడవడం మామ పోయినప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడే.

గొంతు ముప్పాతిక వంతు వచ్చింది. పాలాయన గుర్తుపట్టాడు. ఫోను చేయవచ్చు కదా అనుకుంటావు. చేయగలను. చేయలేకనే రాస్తున్నాను. ఇది నోటితో చెప్పే మాట కాదు.

నువ్వు పంపిన పది సీసాలు నేనొక్కదాన్నే మింగలేదు చెల్లె. బయటి దేశం నుంచి మిఠాయి వస్తే ఇల్లిల్లూ పంచుతాం, ఒక్కళ్ళమే తింటే గొంతు దిగుతుందా. సద్దుల బతుకమ్మ నాడు ఆట అయ్యాక సద్దులు పంచుకుంటున్నప్పుడు, ఒక్కొక్కరి ఆకులో ముద్దతో పాటు పొట్లంలో మాత్రలు కూడా పెట్టాను. జుట్టు రాలుతోందని బాధపడే వాళ్ళకే ఇచ్చాను, పందొమ్మిది మందికి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నీ సొమ్ముతో నేను పెద్దరికం చేశాను. అందుకే మళ్ళీ ఆరు సీసాలు అడిగాను. పంచానంటే తిడతావని ఎందుకో చెప్పలేదు. శిబిరం నాటికి అందరూ వేసుకుంటూనే ఉన్నారు.

దవాఖాన మంచం మీద కళ్ళు తెరిచాక బావ నీ కాగితం చదివి వినిపించాడు. కొక్కేల సంగతి దగ్గరికి వచ్చేసరికి నాకు ఒంట్లో ఉన్న కొద్ది వేడి కూడా పోయింది. ముప్పై ఒక్కమందిలో సున్నా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది. మీ డాక్టరమ్మ సరిగ్గానే చెప్పింది, తప్పు ఉంది. మన సద్దుల ఆకులో ఉంది.

ఇంటికి వచ్చిన మూడో నాడే పేర్లు రాసుకుని బయలుదేరాను. నడుస్తూ ఆగుతూ, ఇంటింటికీ. "జుట్టు మాత్రలు మానెయ్యిన్రి, అయిదు దినాలు పోయినంక మళ్ల రక్తమియ్యిన్రి" అని. కొందరు నవ్వారు. ఒకావిడ "మాత్రలిచ్చింది నువ్వే, మానమనేది నువ్వే" అని తలుపు వేసింది. ఆమె వాకిట్లో కూర్చున్నాను, తీసేదాకా. గంగి నర్సింహులపేటలో తల్లిగారింటికి పోయి ఉంటే, తొర్రూరు మీదుగా రెండు బస్సులు మారి పోయాను. "యాడీ, నీ మొకం సూస్తెనే నాకు భయమైతాంది, నా రక్తం తర్వాత తీసుకుందువు గాని" అని, అమ్మను పిలిచినట్టు పిలిచి ముందు అన్నం పెట్టింది. జనగామ ల్యాబు అమ్మాయిని మా ఇంటికే పిలిపించాం. మొన్న కాగితాలు వచ్చాయి. ఆరుగురికి ఉంది. గంగికి ఉంది. తలుపు వేసిన ఆవిడకూ ఉంది. ఆరుగురూ మందు మొదలుపెట్టారు.

నా జాబితాలో పందొమ్మిది పేర్లు. రక్తం ఇచ్చింది పద్దెనిమిది మంది.

ముత్తవ్వకు మొదటి పొట్లం నేనే ఇచ్చాను. తన ఆకులో అందరికన్నా రెండు మాత్రలు ఎక్కువ పెట్టాను, మన తలలు దువ్విన చేయి కదా అని. ఆమెకు ఆ జబ్బే ఉందో, వయసే మీద పడిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కాలు వాపు, నిద్ర, చలి. నా ఒంట్లో ఉన్నవే ఆమె ఒంట్లోనూ ఉన్నాయి, ఇద్దరం ఒకే అరుగు మీద కూర్చుని ఒకరివి ఒకరం చూసుకున్నాం. కొడుకుకు ఇంకా చెప్పలేదు. ఆ కవరు ఇప్పటికీ వాళ్ళ గోడకు వేలాడుతోంది. పంచింది నేను. రేపు పోయి చెబుతాను.

నువ్వు ఏడవకు. జడ వేసుకునేటప్పుడు ఒకసారి తలచుకో.

నీ అక్క,
ఊర్మిళ


ఆక్రా శివారు,
13 జనవరి 2026

అక్కా,

పంచింది నువ్వు, పంపింది నేను. కాగితం చూసి ఏమీ లేదని రాసింది కూడా నేను. నువ్వు ఒక్కదానివే పోకు. బావను వెంట తీసుకుపో, నా ఉత్తరం కూడా తీసుకుపో. కొడుకు తిడితే నన్ను కూడా కలిపి తిట్టమను. వచ్చే నెల వస్తున్నాను, వచ్చి నేనూ ఆ వాకిట్లో కూర్చుంటాను.

నీ ఉత్తరం మొత్తం అబెనా డాక్టరమ్మకు ఇంగ్లీషులో చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు ఆపమంది. తరువాత మా సర్వే ఫారం తీసి రెండు ప్రశ్నలు కొత్తగా చేర్చింది. జుట్టుకు గానీ గోళ్ళకు గానీ మాత్రలు వేసుకుంటున్నారా. వాటిని మీకు ఎవరిచ్చారు, మీరు ఎవరికి పంచారు. అయిపోయిన ఎనిమిది వందల ఇళ్ళకూ మళ్ళీ పోవాలట. రేపటి నుంచి మళ్ళీ మొదటి వీధి.

కొత్త ఫారాలు ఇవాళ సాయంత్రం అచ్చై వచ్చాయి. పైనున్నది ఒకటి తీసుకున్నాను. "అది మన లెక్కలోకి రాదు" అంది డాక్టరమ్మ. తెలుసన్నాను.

పేరు: ముత్తవ్వ. ఊరు: నర్మెట్ట. వయసు అరవై ఒకటని రాశాను, సరిగ్గా తెలియదు. మెడ పరీక్ష దగ్గర ఖాళీ. రక్తం దగ్గర ఖాళీ. మాత్రలు ఎవరిచ్చారు అన్న చోట నీ పేరు ఉండాలని నువ్వు పోట్లాడతావు. నా పేరు రాశాను.

సుష్మ